మైనపు గుడ్డ

పదకొండేళ్లు మాట్లాడుకోలేదు
అన్న యోష్కో, తమ్ముడు లుద్విక్.
పొలం మధ్య రాతిగోడ మూడడుగులు
ఎవరి వైపు జరిగిందన్నది తగాదా.
గోడ మాత్రం కదల్లేదు. నేను లుద్విక్ పెళ్లాన్ని, అయినా చెబుతున్నా.

ఇల్లు రెండుగా చీలింది.
బావి నీళ్లకు వంతులొచ్చాయి.
ద్రాక్షతోట వరసల లెక్కన పంచుకున్నారు.
మిగిలింది నేలమాళిగ,
అందులో దూలానికి వేలాడే పంది తొడ.
మా కార్స్ట్ కొండల్లో దాన్ని ప్రషుత్ అంటాం.
పిరాన్ మడుల ఉప్పు, రెండు చలికాలాల గాలి తిని
గట్టిపడ్డ మాంసం.
నడిమికి నరికితే రెండు సగాలూ పాడవుతాయి.

మా అత్త ఆల్బినా పోయేముందు
ఆస్తి గురించి ఒక్క ముక్క చెప్పలేదు.
"కోసినవాడే తిరిగి చుట్టాలి" అంది,
అటు తిరిగి పడుకుంది.

చుట్టేది ఒక పాత గుడ్డ.
ఆమె పెళ్లినాటి దుప్పటి అంచు, నీలం గళ్లు.
ఏడాదికోసారి తేనెమైనం కరిగించి
కుంచెతో పూస్తాను.
కోసిన ముఖానికి ముందు దాని కొవ్వే రాసి
పైన గుడ్డ కప్పితే
అరచేతి వేడికి మెత్తబడి
ఒంపు ఎక్కడుంటే అక్కడ ఒదుగుతుంది.
ఎండనివ్వదు, ఉక్కపొయ్యదు.
వేణ్ణీళ్లు తగిలితే మాత్రం అలుగుతుంది.
చన్నీళ్లతో తుడిచి నీడన ఆరేయాలి.

శనివారం బావగారు దిగేవాడు.
మెట్ల మీద ఆయన దగ్గు.
అది ఆగేదాకా మా ఆయన
పేపర్లో ఒకే వాక్యం చదివేవాడు.
ఆదివారం ఈయన వంతు.

వాళ్ల బదులు ముడి మాట్లాడేది.
బావగారికి కోపమొచ్చిన వారం
తాడు పళ్లతో లాగితేగాని ఊడేది కాదు.
ఆయన మోకాలికి ఆపరేషన్ అయిన నెల
ముడి వదులుగా వేలాడింది.
మా ఆయన దాన్ని కాసేపు చూశాడు.
పలచటి ముక్కలు కోసి, ఎనామిల్ డబ్బాలో పేర్చి,
మూత బిగించి మూడో మెట్టు మీద పెట్టొచ్చాడు.
మర్నాడు డబ్బా అదే మెట్టు మీద,
కడిగి, బోర్లించి.
దీన్ని ఏమంటారో నాకు తెలీదు.
మాట్లాడుకోవడం అని మాత్రం అనరు.

పాదిరికి కూడా చెప్పని సంగతి ఇది.
పెంకుల మీది రాళ్లను రాత్రంతా లెక్కపెట్టే బుర్యా గాలి ఆగి
సముద్రం వైపు తడిగాలి తిరిగిన వారం,
నేను కిందికి దిగాను.
గుడ్డ విప్పాను.
తొడకి ప్లాస్టిక్ కాగితం చుట్టాను,
మూడు చుట్లు, బిగించి.
గుడ్డ తడిసిందని చెప్పొచ్చు అనుకున్నా.
ఎవరూ అడగరని కూడా తెలుసు.

వారానికి తొడకి చెమట పట్టింది.
లోపల నీటి బొట్లు, జిగట,
కోసిన ముఖం మీద నాణెమంత పచ్చటి మచ్చ.

శనివారం దగ్గు మెట్ల మధ్యలో ఆగింది.
"లుద్విక్! ఎవడ్రా దీనికి రెయిన్‌కోటు తొడిగింది?"

మా ఆయన పేపరు మడవకుండానే పరిగెత్తాడు.
నువ్వంటే నువ్వు.
అరుపులు రాళ్లకి కొట్టుకుని రెండింతలై పైకొచ్చాయి.
గోడ, మూడడుగులు,
నాన్న గడియారం ఎవడమ్మాడు,
అమ్మ ఆఖరి రాత్రి ఎవడు నిద్రపోయాడు.
నేను పైన బంగాళాదుంప చెక్కు తీస్తూ కూచున్నా.
చూసుకుంటే చేతిలో గోలీకాయంత మిగిలింది.

తర్వాత కత్తి చప్పుడు.
పాడైన పొర వేలుమందాన కోస్తున్నారు.
ఒకడు పట్టుకుంటేగాని ఒకడు కోయలేని పని అది.
వెనిగర్ వాసన మెట్లెక్కి వచ్చింది.
"నీ చెయ్యి తియ్, తెగుద్ది."
ఎవరు ఎవరితో అన్నారో,
ఇద్దరిదీ వాళ్ల నాన్న గొంతే.

రాజీ పడ్డారనుకోకండి.
గోడ కేసు కోర్టులోనే ఉంది.

"నెవెంకా, గుడ్డ ఏదీ?"
ఇద్దరూ ఒకేసారి కేకేశారు.

నా ఒళ్లోనే ఉంది,
ఎప్పుడో ఆరి, ఒంటి వేడికి మెత్తబడుతూ.

"ఇంకా తడిగానే ఉంది," అన్నాను,
"కాసేపు ఆగండి."